లాప్‌టాప్‌కు పొంతన

ఇద్దరు ఆడపడుచుల పెళ్ళిళ్ళకూ, చెల్లెలి కూతురి పెళ్ళికీ పంచాంగం ముందేసుకుని పొంతనలు చూసినదాన్ని నేను. "36 గుణాల్లో 18 కలిస్తే చాలు, మిగతావి సంసారమే కలుపుకుంటుంది" అని నలుగురికీ ధైర్యం చెప్పినదాన్ని కూడా. అటువంటిదాన్ని, అరవై నాలుగో ఏట, మేడిపల్లిలో మా ఇంటి అరుగు మీద కూచుని ఒక పాత లాప్‌టాప్‌కు పొంతన చూడవలసి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఆ లాప్‌టాప్ మావాడు ఇంజనీరింగు చదివేటప్పుడు, 2015లో కొన్నది. 2018లో బెంగుళూరులో ఉద్యోగం రాగానే ఆఫీసువాళ్ళే కొత్తది ఇచ్చారట. పాతది వాళ్ళ నాన్నకు అప్పగించి వెళ్ళాడు. మావారు ఉన్నన్నాళ్ళు ఆయన వాడుకున్నారు. 2021లో ఆయన పోయాక అది నా పాలబడింది. నేను దాంతో చేసే ఘనకార్యం ఏమీ లేదు. ఆదివారం పూట కొడుకు ముఖం చూడడం, వాడు ఫోను పెట్టేశాక పాత సినిమా చూస్తూ చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, అంతే.

అటువంటి నా మీద 2025 అక్టోబరులో పిడుగు పడింది. ఆ నెల 14వ తేదీతో విండోస్ 10కు ఉచితంగా చేసే భద్రతా మరమ్మతులు ఆపేశారు. కావాలంటే పేరు నమోదు చేసుకున్నవాళ్ళకు ఇంకో ఏడాది గడువన్నారు. విండోస్ 11కు మారదామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలట, ఇంటెల్ ప్రాసెసరైతే ఇంచుమించు ఎనిమిదో తరం దగ్గర్నుంచీ ఉండాలట. మాది అయిదో తరం. "అమ్మా, అది పాతబడింది. పక్కన పడేయ్. కొత్తది పంపిస్తాను" అన్నాడు మావాడు. చక్కగా పనిచేసే వస్తువును తరం తక్కువదని వెలివెయ్యడం నాకు నచ్చలేదు. తరాల మాటకొస్తే నేనూ పాతదాన్నే కదా!

ఈ సంగతి గోడ అవతల పక్కింటి పిల్ల చెవిన పడింది. ఆ పిల్ల కొండగట్టు దగ్గర నాచుపల్లిలో ఉన్న జె.ఎన్.టి.యు. కాలేజీలో ఇంజనీరింగు రెండో సంవత్సరం. తండ్రి దుబాయిలో ఉన్నాడు. తల్లి పొద్దస్తమానం ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంది. మా మేడిపల్లి అనేమిటి, ఇటు కోరుట్ల అటు జగిత్యాల, ఏ వాడకు వెళ్ళినా ఇదే కథ. మగవాడు గల్ఫులో, ఆడది చాట ముందు. ఆ ఇద్దరి కష్టంతో చదువుతున్న పిల్లకు సొంత లాప్‌టాప్ లేదు.

"టీచరమ్మా, గది పారేస్తున్నరా? పారేసేదుంటె నాకియ్యుండ్రి. లైనక్స్ ఎక్కించుకుంట" అంది, గోడ మీదినుంచి తల మాత్రమే కనిపిస్తూ.

ఆ మాట వినగానే నా గుండె జల్లుమంది. పిల్లకు ఇవ్వడం ఇష్టం లేక కాదు. "ఎక్కించుకుంట" అన్న మాటకు.

ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. మా అత్తగారికి పాటలు వచ్చు. బతుకమ్మ పాటలు, నాటు పాటలు, అప్పగింతల పాటలు. చదువు లేదు గానీ గొంతు ఎత్తితే వాడంతా చెవులు అప్పగించేది. 2016 బతుకమ్మ పండుగకు మావారు ఆవిడను పీట మీద కూచోబెట్టి పదకొండు పాటలు ఫోనులో పట్టారు. వాటిని ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటర్లో దాచారు. 2018లో అత్తగారు కాలం చేశారు.

ఆ మరుసటేడు ఆ కంప్యూటరు నత్తనడక నడుస్తోందని దగ్గర్లోని పట్నంలో ఒక దుకాణానికి తీసుకువెళ్ళారు మావారు. అక్కడి అబ్బాయి "అయిదు నిమిషాల పని సార్, కొత్త సిస్టం వేసేస్తా" అన్నాడు. లోపల ఏముందో అడగలేదు, ఏ భాగం దేనికి సరిపడుతుందో చూడలేదు. డిస్కు మొత్తం తుడిచి ఏదో లైనక్స్ వేశాడు. వేశాక చూస్తే శబ్దం రాదు, ఇంటర్నెట్ రాదు. మళ్ళీ తుడిచి మళ్ళీ పాతదే వేశాడు. రెండు తుడుపుల్లో పదకొండు పాటలూ పోయాయి. వాటిలో నాలుగు మాత్రం, కొడుక్కి పంపడానికని ఈ లాప్‌టాప్‌లో వేసి ఉంచారు కాబట్టి మిగిలాయి.

మావారు ఆ అబ్బాయిని ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి "పోయినయి పోయినయి, తియ్యి" అన్నారు. ఆ రాత్రి అన్నం ముందు కూచుని కలిపింది కలిపినట్టే వదిలేసి లేచారు. ఆడవాళ్ళం, మనకు తెలియదూ, ఏ "తియ్యి" వెనకాల ఏముంటుందో!

అందుకే పక్కింటి పిల్ల మాటకు నాకు వణుకు పుట్టింది. "ఇస్తా గాని బిడ్డా, ఊకెనే ఎక్కించుడు గాదు" అని ఈ కథంతా చెప్పాను. చెప్పి, ఇహ ఈ పిల్ల బుంగమూతి పెట్టుకుంటుంది కాబోలు అనుకున్నాను. ఆ పిల్ల బుద్ధిగా విని, నోటు పుస్తకం తీసింది.

"గట్లెట్ల ఎక్కిస్తం టీచరమ్మా? ముందుగాల దీన్ల ఏమేమున్నయో రాసుకోవాలె. గవి లైనక్స్‌కు పడ్తయో లేదో సూడాలె. సూసినంకనే ఎక్కిచ్చుడు."

"అంటే పొంతన చూస్తావన్నమాట!" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నాకు సగం భయం పోయింది.

అసలు ఈ లైనక్స్ అంటే ఏమిటో నాకు ఆ పిల్లే చెప్పింది. 1991లో ఫిన్లండులోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి తన కంప్యూటరు కోసం రాసుకున్న మూల ప్రోగ్రాము అది. ఆగస్టు 25న దాని గురించి లోకానికి చెబుతూ, తన దగ్గర ఉన్న రకం హార్డ్‌డిస్కు మీద తప్ప ఇతర వాటి మీద ఇది బహుశా ఎన్నటికీ పనిచెయ్యదని కూడా చెప్పాడట. అంటే పుట్టిన నాడే పొంతన సంగతి దాచకుండా చెప్పి మరీ పుట్టిందన్నమాట! ఆ తరువాత ప్రపంచమంతటా వేలమంది చేయివేసి దాన్ని పెంచారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, మింట్ అని దానిలో బోలెడు రకాలు. పప్పు ఒకటే అయినా ముద్దపప్పు, పప్పుచారు, మామిడికాయ పప్పు అని మనం వండుకోమూ, అలాగన్నమాట. మన హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థవాళ్ళు తెలుగులో కనబడే లైనక్స్ కూడా తయారుచేశారు.

ఇక పొంతన. మొదట ప్రాసెసరు 64 బిట్‌దా, 32 బిట్‌దా అని చూసింది. చాలా రకాలు ఇప్పుడు 32 బిట్ వాటికి రావడం మానేశాయట. మాది 64. గండం ఒకటి గడిచింది. తరువాత ర్యామ్. మింట్ లాంటి దానికి కనీసం 2 జీబీ ఉండాలి, 4 ఉంటే హాయి అని ఆ తయారుచేసినవాళ్ళే చెబుతారట. మా దాంట్లో సరిగ్గా 4. "బరువు రకం వద్దు టీచరమ్మా, దీనికి తేలిక రకం మంచిగుంటది" అంది. వయసు మీదపడ్డవాళ్ళకు రాత్రి పూట పుల్కాల్లాగా కాబోలనుకున్నాను.

తరువాతది నాకు భలే నచ్చింది. లాప్‌టాప్ పైన రాసి ఉన్న మోడల్ పేరు చూస్తే చాలదట. ఒకే మోడల్‌లో ఒక ఏడు ఒక కంపెనీ వైఫై కార్డు పెడతారు, మరో ఏడు మరో కంపెనీది. పైన పేరు ఒకటే, లోపలి మనిషి వేరు! అందుకని లోపలి ప్రతి భాగానికీ ఉండే రెండు నంబర్లు చూడాలి. మొదటిది ఏ కంపెనీదో చెబుతుంది, రెండోది ఏ వస్తువో చెబుతుంది. ఇంటెల్ వాళ్ళ నంబరు 8086. అది వాళ్ళు ఒకప్పుడు చేసిన పేరుమోసిన చిప్ పేరేనట. "ఇంటిపేరూ ఒంటిపేరూ అన్నమాట" అన్నాను. విండోస్‌లో డివైస్ మేనేజర్ అనే చోట ఈ నంబర్లు ఉంటాయి. ఆ పిల్ల ఒక్కొక్కటే చదవడం, నేను నోటు పుస్తకంలో రాయడం. వైఫై, శబ్దం, కెమెరా, బ్లూటూత్, టచ్‌ప్యాడ్, వేలిముద్ర పెట్టే చోటు. ముప్ఫయ్యేళ్ళు హాజరు పట్టీ రాసిన చెయ్యి, ఎక్కడా కొట్టివేత లేకుండా రాశాను.

"వీటన్నిటికీ లైనక్స్‌తో పేచీ ఎందుకు వస్తుంది?" అని అడిగాను. ప్రతి పరికరానికీ, సిస్టానికీ మధ్య డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాము ఉంటుందట. ఒకరి భాష ఇంకొకరికి చెప్పే దుబాసీ లాంటిది. కొన్ని కంపెనీలు తమ పరికరం భాషను బయటపెడతాయి. అప్పుడు లైనక్స్‌వాళ్ళు దుబాసీని ముందే తయారుచేసి లోపలే ఉంచుతారు, మనం వెతకనక్కరలేదు. కొన్ని కంపెనీలు గుట్టు విప్పవు. అప్పుడు ఎవరో ఓపికమంతులు దాని నడవడి చూసి చూసి నేర్చుకుని రాయాలి. అదీ రాయకపోతే ఆ భాగం మూగది. చిప్ ఎంత మంచిదైనా లాభం లేదు. గుట్టుమనుషులతో కాపురం చేసినవాళ్ళకు ఇది వేరే వివరించాలా?

కాగితం మీద పొంతన అయింది. అన్నీ కుదిరాయి. వేలిముద్ర పెట్టేది మాత్రం కుదరదని తేలింది. "పోతే పోనీ. చదువుకున్న పిల్లవు, నీకు వేలిముద్రతో ఏం పని? సంతకం చెయ్యి" అన్నాను. వైఫై దగ్గర మాత్రం ఆ పిల్ల చిన్న ప్రశ్నార్థకం పెట్టుకుంది.

"ఇప్పుడు ఎక్కిస్తావా?" అన్నాను.

"ఇంక లేదు టీచరమ్మా. ముందుగాల పెన్‌డ్రైవ్ మీదికెళ్ళి నడిపి సూస్తం."

ఇది విని నేను ఆశ్చర్యపోయాను. లైనక్స్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి, దాని నుంచే కంప్యూటరును లేపవచ్చట. లోపలి డిస్కును తాకనే తాకదు. అన్నీ నడిపి చూసి, నచ్చకపోతే ఆపి పెన్‌డ్రైవ్ పీకేస్తే, మళ్ళీ మామూలే. మన పెళ్ళిళ్ళలో ఈ సదుపాయం లేకపాయె!

అయితే అందులోనూ ఒక గండం ఉంది. లైనక్స్ పెట్టేటప్పుడు ఆ పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. నా దగ్గర ఉన్నవి రెండు పెన్‌డ్రైవులు, రెండూ నల్లవే, కవల పిల్లల్లా. అంతకుముందు రోజే ఒకదాంట్లో అత్తగారి నాలుగు పాటలూ నకలు తీసి, తెరిచి విని మరీ పెట్టుకున్నాం. రెండూ బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. ఆ పిల్ల ఒకటి తీసి గుచ్చబోతూ ఆగి, "టీచరమ్మా, పాటలు ఏ దాంట్లున్నయి?" అంది. నాకూ గుర్తు లేదు! రెండూ పెట్టి చూస్తే, గుచ్చబోయింది పాటలదే. దేవుడి గూట్లోంచి పసుపు దారం తెచ్చి దానికి మూడు ముళ్ళు వేశాను. అప్పుడు గాని నా చేతుల వణుకు ఆగలేదు.

పెన్‌డ్రైవ్ నుంచి లాప్‌టాప్ లేచింది. శబ్దం వచ్చింది. కెమెరాలో నా జుట్టు తెలుపు ఉన్నదున్నట్టుగా కనిపించింది. మూత వేసి తీస్తే నిద్రపోయి లేచింది. వైఫై మాత్రం రాలేదు. ప్రశ్నార్థకం నిజమైంది. డ్రైవర్ వేరేగా తెచ్చుకోవాలట. అది ఇంటర్నెట్‌లో ఉంటుంది. ఇంటర్నెట్ రావాలంటే వైఫై రావాలి. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు సామెతే! దుకాణంలో అబ్బాయి ఇక్కడే చేతులెత్తేసి ఉంటాడు. ఈ పిల్ల ఫోనును వైరుతో లాప్‌టాప్‌కు కలిపింది. ఫోనులోని ఇంటర్నెట్ దారిన డ్రైవర్ దిగింది, వైఫై వచ్చింది. మందుపాతర ఎక్కడుందో ముందే తెలిస్తే దాటడం ఎంత తేలికో!

అన్నీ అయ్యాయి కదా అని, చివరికి మావారి ఫోల్డరు ఒకటి తెరిచి చూద్దామన్నాను. 2019లో, 2020లో ఆయన సాయంత్రాలు ఈ లాప్‌టాప్ ముందు కూచుని ఏదో టైపు చేస్తుండేవారు. పెన్షను లెక్కలు కాబోలని నేనెప్పుడూ అడగలేదు. తెరిస్తే తెలుగు లేదు, ఇంగ్లీషూ లేదు. చుక్కలు, గీతలు, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, పేజీలకు పేజీలు. ఫైలు పాడైపోయిందనుకుని నా ప్రాణం ఉసూరుమంది.

ఆ పిల్ల మాత్రం కంగారు పడలేదు. పెన్‌డ్రైవ్ తీసేసి మళ్ళీ విండోస్‌లో తెరిచింది. చక్కని తెలుగు! సంగతేమిటంటే, ఇప్పుడు ఫోన్లలో మనం టైపు చేసే యూనికోడ్ తెలుగుకు ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న సొంత నంబరు ఉంది. శుభలేఖల దుకాణాల్లో వాడే పాత ఫాంట్లలో అలా లేదు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు బొమ్మలు కూచోబెట్టారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులోనే అది తెలుగు. లేనిచోట గది మీద ఉన్న ఇంగ్లీషు పలకే కనిపిస్తుంది. మావారు బడిలో ప్రశ్నపత్రాలు ఆ ఫాంటుతోనే టైపు చేసేవారు, ఇదీ అలాగే చేశారు. ఫైలుకు మేం నకలు తీసుకున్నాం గానీ, దాన్ని చదివే కళ్ళకు తీసుకోలేదు. పెన్‌డ్రైవ్ మీద ముందు నడిపి చూడకపోతే, డిస్కు తుడిచేసిన తరువాత ఎప్పటికో బయటపడేది ఈ సంగతి.

ఇంతకూ ఆ పేజీల్లో ఏమున్నాయనుకున్నారు? పెన్షను లెక్కలు కావు. పదకొండు పాటల మాటలు. పోయిన ఏడూ, ఉన్న నాలుగూ. జ్ఞాపకం ఉన్నంత మేర ఆయన కూచుని రాసుకున్నారు. గుర్తు రాని చోట చుక్కలు పెట్టి, పక్కన "అమ్మ ఇక్కడ ఆగి నవ్వింది" అని ఒకచోట రాశారు. "పోయినయి తియ్యి" అన్న మనిషి!

ఆ పిల్ల తల తిప్పుకుని, కాసేపు పెన్‌డ్రైవ్ మూతతో ఆడుకుంటూ కూచుంది. తరువాత ఒక్కొక్క పేజీనీ పీడీఎఫ్‌గా మార్చింది. అలా చేస్తే ఫాంటు కూడా ఫైలులోనే ఉండిపోతుందట, ఇక ఏ ఇంటికి వెళ్ళినా తెలుగే. ఆ ఫాంటును కూడా వేరుగా దాచింది. కోరుట్లలో కాగితాల మీద ముద్ర వేయించుకొచ్చింది. మళ్ళీ లైనక్స్‌లో తెరిచి, పదకొండూ చదివి, అప్పుడు నా వైపు చూసింది.

తెర మీద డిస్కు తుడిచి ఎక్కించనా అని అడుగుతోంది. "మీరే నొక్కుండ్రి టీచరమ్మా" అంది. పసుపు దారం ఉన్న పెన్‌డ్రైవ్‌ను ఎడమచేతి గుప్పిట్లో పట్టుకుని, కుడిచేత్తో నొక్కాను. అరగంట కూడా పట్టలేదు.

మర్నాడు పిల్ల తల్లి గిన్నెలో సకినాలు పట్టుకుని వచ్చింది. బల్ల మీది కాగితాలు చూసి, "గివేంది టీచరమ్మా?" అంటే కూతురు చదివి వినిపించింది. మూడో పాట రెండు వరుసలు చదవగానే ఆవిడ అందుకుంది. "గీ పాట మా అమ్మగారింటికాడ నాట్లేసేటప్పుడు పాడేటోళ్ళు" అని, నిలబడే పాడింది. పోయిన ఏడింటిలో రెండింటి వరుస ఆవిడకు వచ్చు. పిల్ల ఆ లాప్‌టాప్‌లోనే వాటిని పట్టింది. అత్తగారి గొంతు కాదు, సాగదీసే తీరు వేరు. మావారు చుక్కలు పెట్టిన ఒక చోట ఆవిడ నోట మాట వచ్చింది. పెన్సిలుతో పూరించాను. మిగతా అయిదింటి వరుసలు ఎవరికైనా వచ్చేమోనని ఇప్పుడు వాడలో అడుగుతున్నాం.

నిన్న మా చెల్లెలు ఫోను చేసింది. మనవడి పాత లాప్‌టాప్ నెమ్మదించిందట, ఎవరో అయిదు నిమిషాల్లో లైనక్స్ వేసిస్తానన్నారట, ఇవ్వనా అని అడిగింది.

"ఇద్దువు గాని, ముందు వైఫై ఇంటిపేరేమిటో చెప్పు" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. అక్కయ్యకు చాదస్తం ముదిరిందనుకుని ఉంటుంది.